పొటాషియం తగ్గిందన్నారా? సీసా మందు, మాత్ర, కొబ్బరినీళ్లు: ఎవరికి ఏది, ఎంత

బెంగళూరులో గుండెకో కిడ్నీకో చూపించుకొని హిందూపురం, మదనపల్లె, అనంతపురం బస్సెక్కేవాళ్ల మందుల సంచిలో తరచుగా ఒక సీసా ఉంటుంది. పొటాషియం క్లోరైడ్ ద్రవం, సాధారణంగా 200 మి.లీ. సీసా మీద రాత ఇంగ్లీషు. మందుల షాపులో చెప్పిన మాట కన్నడం: "ఎరడు చమచ", అంటే రెండు స్పూన్లు. ఇంటికెళ్లాక పోసిచ్చే అమ్మకి వచ్చింది తెలుగు. చమచ అంటే టీ స్పూనా, అన్నంలో వేసే పెద్ద స్పూనా అన్నది ఈ దారిలో ఎక్కడో జారిపోతుంది. రెండింటికీ తేడా మూడింతలు. పొటాషియంలో ఆ తేడా చిన్నది కాదు. తక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎక్కువైనా తప్పుతుంది.

మోతాదు నిర్ణయించేది డాక్టరే. కానీ ఆ మోతాదు ఏ రూపంలో వస్తే మీ ఇంట్లో మనిషికి సరిపోతుంది, ఒకదాని బదులు మరొకటి వాడొచ్చా, ఇంట్లో ఎలా కలిపివ్వాలి అన్నవి మీకూ తెలిసి ఉండాలి.

ముందు ఎంఈక్యూ లెక్క

పొటాషియాన్ని స్పూన్లతో, మి.లీ.లతో, మాత్రల సంఖ్యతో పోల్చకండి. లేబుల్ మీద మిల్లీ ఈక్వివలెంట్ అనే కొలత ఉంటుంది. డాక్టర్లు పలికేది ఎంఈక్యూ అని. పోలికలన్నీ ఈ అంకెతోనే చేయాలి.

మన దగ్గర దొరికే పొటాషియం క్లోరైడ్ ద్రవం మామూలుగా 10 శాతం. 15 మి.లీ.లో 1.5 గ్రాముల ఉప్పు, అంటే 20 ఎంఈక్యూ. 5 మి.లీ. టీ స్పూనుకి 6.7 వస్తుంది. నెమ్మదిగా కరిగే మాత్ర సాధారణంగా 600 మిల్లీగ్రాములు, అంటే 8 ఎంఈక్యూ. కాబట్టి "సీసా దొరకలేదు, ఈ పూటకి ఒక మాత్ర వేసుకో" అంటే 20 బదులు 8 అందినట్టు. రెండు మాత్రలకు 16, మూడింటికి 24. ఆ మాత్రని విరిచి వేసుకోకూడదు కాబట్టి సరిగ్గా 20 రాదు కూడా. రూపం మారుస్తున్నారంటే మోతాదు మళ్లీ రాయించుకోవాలని అర్థం.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిపెట్టిన సీసా ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. అక్కడ 10 శాతంతో పాటు 20 శాతం ద్రవం కూడా ఉంది. అదే 15 మి.లీ.కి 40 ఎంఈక్యూ. రంగు, వాసన చూసి తేడా పట్టలేరు.

ఇంట్లో మోతాదు సరిగా పడుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న చిట్కా ఉంది. సీసా తెరిచిన తేదీ దాని మీదే పెన్నుతో రాయండి. రోజుకి రెండు పూటలా 15 మి.లీ. అంటే రోజుకి 30. అప్పుడు 200 మి.లీ. సీసా ఏడో రోజుకి అయిపోవాలి. అదే రోజుకి రెండు టీ స్పూన్లయితే 20 రోజులు రావాలి. ఏడు రోజుల సీసా ఇరవై రోజులు వచ్చిందంటే మనిషికి మూడో వంతే అందింది. ఇరవై రోజులు రావలసింది వారంలో అయిపోతే ఆ పూటే మందు ఆపి, డాక్టరుకి ఫోన్ చేసి, రక్తం చూపించాలి.

ఎందుకు తగ్గింది, కిడ్నీలు ఎలా ఉన్నాయి

ఎంపిక ఈ రెండు ప్రశ్నలతో మొదలవుతుంది. రుచి, ధర ఆ తర్వాత.

రిపోర్టులో 3.5 నుంచి 5.0 మధ్య ఉంటే మామూలు. లీటరుకి ఎంఈక్యూ అని వేసినా, మిల్లీమోల్ అని వేసినా పొటాషియం విషయంలో అంకె ఒకటే. ఒంట్లో ఉన్న పొటాషియంలో నూటికి 98 వంతులు కణాల లోపల ఉంటుంది. రక్తంలోనూ కణాల బయటి నీటిలోనూ ఉన్నదంతా కూడినా 60 ఎంఈక్యూకి అటూ ఇటూ మాత్రమే. రెండు సంగతులు దీన్నుంచే అర్థమవుతాయి. రిపోర్టులో 4 నుంచి 3కి దిగిందంటే లోపలి లోటు 200 నుంచి 400 ఎంఈక్యూ దాకా ఉండొచ్చు, రెండు రోజుల్లో అది పూడదు. అలాగని తొందరపడి ఒకేసారి 40, 60 పట్టిస్తే కణాల్లోకి వెళ్లేలోపు బయటి ఆ చిన్న తొట్టి పొంగిపోతుంది. అందుకే పెద్దవాళ్లకి నోటి ద్వారా ఒక్కసారికి 20 ఎంఈక్యూ దాటకుండా, రోజు మోతాదుని రెండు మూడు పూటలకు పంచి ఇస్తారు.

తగ్గడానికి ఎక్కువగా కనిపించే కారణం ఒంట్లో నీరు తీసే మాత్రలు: ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్, బీపీకి వాడే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్. తర్వాత వాంతులు, విరేచనాలు. ఇంకా కొన్ని రకాల కిడ్నీ గొట్టాల జబ్బులు, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు హఠాత్తుగా కాళ్లు చచ్చుబడే జబ్బు. మన ఇళ్లలో ఎవరూ అనుమానించని కారణం ఇంకొకటుంది: అతిమధురం. దగ్గుకీ గొంతుకీ కషాయంగా, చూర్ణంగా వారాల తరబడి తీసుకుంటే పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. సీసాలు ఖాళీ అవుతున్నా అంకె లేవకపోతే డాక్టరుకి ఈ సంగతి చెప్పండి. అంకె లేవకపోవడానికి మరో కారణం మెగ్నీషియం తక్కువ కావడం. అది తక్కువగా ఉన్నంతకాలం కిడ్నీ పొటాషియాన్ని బయటికి వదిలేస్తూనే ఉంటుంది. మెగ్నీషియం కూడా చూశారా అని అడగడంలో తప్పేమీ లేదు.

కిడ్నీ సంగతి. ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేది ప్రధానంగా మూత్రమే. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) పెరిగి ఉన్నవాళ్లకి, మూత్రం తగ్గినవాళ్లకి, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకి ఈ వ్యాసంలో చెప్పిన ఏ రూపమూ సొంతంగా ఎంచుకునేది కాదు. కొబ్బరినీళ్లతో సహా.

క్లోరైడ్ ద్రవమా, క్లోరైడ్ మాత్రా

నీరు తీసే మాత్ర వల్లో వాంతుల వల్లో తగ్గితే పొటాషియంతో పాటు క్లోరైడు కూడా పోయి ఉంటుంది, రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. ఆ రెంటినీ కలిపి పూడ్చేది క్లోరైడ్ రూపమే. ఇక తేలవలసింది ద్రవమా మాత్రా అన్నదే.

ద్రవం త్వరగా ఒంటికి పడుతుంది. మోతాదుని 5, 7.5, 10 మి.లీ.లుగా సన్నగా సర్దొచ్చు. మింగలేని ముసలివాళ్లకి, ముక్కు ద్వారా రైల్స్ ట్యూబు ఉన్నవాళ్లకి ఇదే దారి. దాని కష్టమంతా రుచి: ఉప్పూ చేదూ కలిసి నాలుక మీద నిలిచిపోతుంది, ఆరెంజ్ వాసన వేసినా దాచలేదు. కలపకుండా తాగితే కడుపులో మంట, వికారం, వాంతి.

మాత్రకి రుచి బాధ లేదు, ప్రయాణంలో సులువు. కానీ అది గొంతులోనో పేగులోనో ఒక చోట ఇరుక్కుంటే గాఢమైన ఉప్పు అక్కడే కరిగి పుండు చేస్తుంది. కాబట్టి ఆహారం మింగేటప్పుడు అడ్డుపడేవాళ్లకి, గుండె ఎడమ పై గది (కర్ణిక) బాగా పెద్దదై అన్నవాహికని నొక్కే గుండె కవాటం జబ్బువాళ్లకి, ఏళ్ల షుగరుతో కడుపు నెమ్మదించినవాళ్లకి, పేగు సన్నబడినవాళ్లకి ద్రవమే మంచిది. మంచాన పడి లేచి కూర్చోలేనివాళ్లకీ అంతే. మాత్రే ఇస్తే నిటారుగా కూర్చోబెట్టి, అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో మింగించాలి. నమలకూడదు, నూరకూడదు. మింగలేకపోతున్నారని రోకలితో నూరి నీళ్లలో కలిపిస్తే నెమ్మదిగా విడుదల కావలసిందంతా ఒక్కసారే పడుతుంది. మర్నాడు విరేచనంలో మాత్ర పెంకు లాంటిది కనిపిస్తే కంగారు పడొద్దు. కొన్ని రకాల్లో మందు వెళ్లిపోయాక మిగిలే మైనపు గూడు అది.

మా సలహా: మింగడంలో ఇబ్బంది లేని, నెలల తరబడి తక్కువ మోతాదు వాడవలసినవాళ్లు మాత్రని అడగండి, మానకుండా వాడతారు. రోజుకి 40 ఎంఈక్యూ, ఆపైన కొద్దిరోజులు వాడవలసిన వాళ్లకీ, వృద్ధులకీ ద్రవం నయం.

మూత్రం మంట సిరప్పుతో పొరబడొద్దు

ఇది చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. పొటాషియం సిట్రేట్, సిట్రిక్ యాసిడ్ కలిసిన సిరప్పులు వేరే ఉన్నాయి. కిడ్నీలో రాళ్లకి, కొన్ని కిడ్నీ గొట్టాల జబ్బులకి ఇస్తారు. వాటిలో తరచు కనిపించే పాళ్లు 5 మి.లీ.కి 1100 మిల్లీగ్రాముల పొటాషియం సిట్రేట్. అంటే ఒక టీ స్పూనులోనే 10 ఎంఈక్యూ, క్లోరైడ్ ద్రవం స్పూనుకి ఒకటిన్నర రెట్లు. క్లోరైడ్ ద్రవాన్ని కొలిచిన 15 మి.లీ. మూతతోనే దీన్నీ పోస్తే 30 పడుతుంది. పైగా సిట్రేటు ఒంట్లో క్షారాన్ని పెంచుతుంది. నీరు తీసే మాత్రల వల్ల వచ్చిన లోటుకి ఇది సరైన జోడీ కాదు. క్షారం తగ్గి, ఆమ్లం పెరిగిన కిడ్నీ గొట్టాల జబ్బులో మాత్రం క్లోరైడు కన్నా ఇదే సరైనది.

దానికి తోబుట్టువులా కనిపించే మరో సిరప్పు డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్. మూత్రం మంటకి ఇంటింటా ఉండేది. అందులో పొటాషియం అసలు లేదు, సోడియం ఉంది. "ఇదీ అలాంటిదే" అని గుండె బలహీనపడి కాళ్లు వాచినవాళ్లకి పోస్తే కావలసింది అందదు, వద్దన్న ఉప్పు అందుతుంది. సీసా మీద క్లోరైడా, సిట్రేటా అన్న మాట చదివించుకోకుండా మూత తీయకండి.

ఎళనీరు, అరటిపండు, ఓఆర్‌ఎస్, తక్కువ సోడియం ఉప్పు

మద్దూరు నుంచి లారీల్లో దిగే ఎళనీరు (లేత కొబ్బరి బొండం) బెంగళూరులో వీధి మలుపుకో బండి మీద దొరుకుతుంది. ఒక గ్లాసు, అంటే 240 మి.లీ. కొబ్బరినీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం, 15 ఎంఈక్యూ దాకా. కాయ లేతదనాన్ని బట్టి మారుతుంది. అరటిపండు గుజ్జు 100 గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాములు, అంటే 9. యాలక్కి రకం అరటిపండు చిన్నది కాబట్టి ఆ లెక్కకి రెండు మూడు పళ్లు కావాలి.

ఈ అంకెలు చూసి "అయితే రోజుకో బొండం చాలు, మందెందుకు" అనుకుంటారు. అంచున ఉన్నవాళ్లకి, కిడ్నీలు బాగున్నవాళ్లకి, డాక్టరు సరేనంటే అది నిజమే. 3.4 ఉండి వేరే జబ్బేమీ లేకపోతే తిండితోనే సరిపెట్టొచ్చు. 3.0 దగ్గర ఉండి డిజాక్సిన్ అనే గుండె మందు వాడుతున్న మనిషికి మాత్రం చాలదు. పళ్లలో కూరల్లో ఉండే పొటాషియం ఎక్కువగా సిట్రేటు, ఫాస్ఫేటు వంటి రూపాల్లో ఉంటుంది. క్లోరైడు కూడా పోయినవాళ్లలో అది అంతగా నిలవదు. డిజాక్సిన్‌తో పొటాషియం తగ్గితే ఆ మందే విషంలా పనిచేయడం మొదలుపెడుతుంది.

ఇంకో వైపు, సీసా మందు వాడుతూనే "బలానికి" రోజుకి రెండు బొండాలు తాగేవాళ్లున్నారు. అది 30 అదనం. మందు వాడుతున్న రోజుల్లో కొబ్బరినీళ్లు డాక్టరుతో చెప్పి తాగేదే తప్ప ఊరికే తాగేది కాదు.

ఓఆర్‌ఎస్ విరేచనాలకి. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న పొడిలో లీటరుకి 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, అంటే 20 ఎంఈక్యూ. చూడండి, సీసా మందు 15 మి.లీ.లో ఉన్నదీ, లీటరు ఓఆర్‌ఎస్‌లో ఉన్నదీ ఒకటే. ఆ 15 మి.లీ. ఎంత గాఢమో ఇంతకన్నా బాగా చెప్పలేం. విరేచనాలతో వచ్చిన చిన్న లోటుకి ఓఆర్‌ఎస్ చాలు. గుండె బలహీనతకి వాడితే అందులో సోడియమూ నీళ్లూ ఎక్కువ.

బీపీకి మంచిదని కొనే తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు చేరేది తరచుగా పొటాషియం క్లోరైడే. ఆ పొటాషియం క్లోరైడ్ ఒక్క గ్రాముకి 13 ఎంఈక్యూ పైనే. పొటాషియం మందు వాడేవాళ్లింట్లో ఈ ప్యాకెట్టు ఉంటే వంటకి మామూలు ఉప్పే తక్కువగా వేయండి.

ఇక ఆసుపత్రిలో ఎక్కించే ఇంజెక్షను ఆంప్యూలు 10 మి.లీ.లోనే 20 ఎంఈక్యూ. అది సెలైన్లో కలిపి, గంటల మీద, గుండె లయ చూసుకుంటూ ఎక్కించేది. పొటాషియం 2.5 కన్నా తగ్గినా, అంకె ఎంతున్నా కాళ్లూ చేతులూ పడిపోతున్నా, ఈసీజీ మారినా నోటి మందు కోసం చూడకుండా ఆసుపత్రికే వెళ్లాలి.

సీసా మందు ఇచ్చే పద్ధతి

కొలవడానికి సీసాతో వచ్చిన గీతల మూత గానీ, సూది లేని సిరంజి గానీ వాడండి. స్టీలు స్పూను వద్దు. చీటీ మీద "టీఎస్‌పీ" (టీ స్పూను) అనీ "టీబీఎస్‌పీ" (పెద్ద స్పూను) అనీ రాసే పొట్టి రాతలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అంకెల్లో మి.లీ. అని రాసివ్వమని అడగండి. మూత కంటికి ఎదురుగా బల్ల మీద పెట్టి గీత దాకా పోయండి.

15 మి.లీ. మందుకి కనీసం 120 మి.లీ. చల్లని నీళ్లు. కడుపు సున్నితమైనవాళ్లకి 180 దాకా పెంచొచ్చు. ఫ్రిజ్ నీళ్లయితే ఉప్పు చేదు తక్కువ తెలుస్తుంది. రెండు చుక్కల నిమ్మరసం వేసినా నష్టం లేదు. ఆరెంజ్ రసంలో, కొబ్బరినీళ్లలో కలపకండి, అవీ పొటాషియమే. ఉప్పేసిన మజ్జిగ గుండె రోగికి వద్దు. షుగరున్నవాళ్లు సీసాలో చక్కెర ఉందో లేదో చూసుకోవాలి. హఠాత్తుగా కాళ్లు చచ్చుబడే జబ్బులో తీపి పానీయంలో అసలు కలపకూడదు. చక్కెరకి వచ్చే ఇన్సులిన్ రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోసి ఆ చచ్చుబాటుని ఇంకా పెంచుతుంది.

ఇడ్లీయో అన్నమో తిన్న వెంటనే ఇచ్చి, ఐదు పది నిమిషాలు గుక్కలు గుక్కలుగా తాగించండి. మందు కదా అని కళ్లు మూసుకొని ఒక్క గుక్కలో తాగేసేవాళ్లే ఎక్కువ, వాంతి వచ్చేది వాళ్లకే. తాగాక నోరు పుక్కిలించి ఉమ్మితే రుచి పోతుంది. డాక్టరు రోజుకి లీటరు, లీటరున్నర నీళ్లే అని గీత గీసిన గుండె రోగికి ఈ 120 మి.లీ. కూడా ఆ లెక్కలోనే. రెండు పూటలంటే దాదాపు పావు లీటరు ఇక్కడే పోయింది.

ట్యూబు ద్వారా ఇచ్చేటప్పుడు పాలలో, రాగి జావలో కలపకండి, గడ్డకట్టి ట్యూబు మూసుకుంటుంది. ముందు కాసిని నీళ్లు, తర్వాత బాగా పలచన చేసిన మందు, చివర మళ్లీ నీళ్లు.

ఒక పూట మరిచిపోతే మరుసటి పూటకి రెండింతలు ఇవ్వొద్దు. తాగిన వెంటనే వాంతి అయినా మళ్లీ పోయకండి, ఎంత లోపలికి వెళ్లిందో తెలియదు. రాత్రి బస్సు ప్రయాణంలో నీళ్లు కలిపే వీలు లేదని మూతతో అలాగే తాగడం కన్నా, ఇంటికి చేరి తిన్నాక తీసుకోవడం మేలు. సీసా పిల్లలకి అందని చోట ఉంచాలి. ఒక నిండు సీసాలో 20 గ్రాముల పొటాషియం క్లోరైడ్, దాదాపు 268 ఎంఈక్యూ ఉంటుంది. చిన్నపిల్ల తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

పక్కన ఏ మాత్రలున్నాయి

సీసా కొన్నరోజే మిగతా మందుల పట్టీలన్నీ బల్ల మీద పరిచి చూడండి. స్పైరనోలాక్టోన్, ఎప్లెరినోన్, అమిలోరైడ్ ఉన్నాయా? ఇవి నీరు తీస్తాయి గానీ పొటాషియాన్ని పట్టి ఉంచుతాయి. బీపీకి, గుండెకి ఇచ్చే రామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్, సాకుబిట్రిల్ కలిసిన మాత్రలు కూడా పెంచుతాయి. కాలి నొప్పికని షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కిడ్నీని నొక్కి పెంచుతాయి. మూత్రం ఇన్ఫెక్షనుకి ఇచ్చే కోట్రైమోక్సజోల్‌తో పెరుగుతుందని చాలామందికి తెలియదు. ఇవి ఉన్నాయని మందు మానెయ్యమని కాదు. గుండె డాక్టర్లు కొన్నిసార్లు తెలిసే కలిపి ఇస్తారు, కాకపోతే రక్తం తరచుగా చూస్తారు. ఇద్దరు వేర్వేరు డాక్టర్లు ఒకరి చీటీ మరొకరు చూడకుండా రాసినప్పుడే ప్రమాదం. ఒకరు నీరు తీసే మాత్ర ఆపేస్తారు, మరొకరు రాసిన పొటాషియం సీసా మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆ మాత్ర ఆపిన రోజే పొటాషియం కొనసాగించాలా అని అడగండి.

జ్వరం, విరేచనాలు పట్టుకొని మూత్రం బాగా తగ్గిందంటే ఆ పూట సీసా ముట్టకుండా డాక్టరుకి ఫోన్ చేయండి. మూత్రం రానప్పుడు పొటాషియం వెళ్లే దారి లేదు.

ఎక్కువైనప్పుడు కాళ్లు బరువెక్కడం, తిమ్మిర్లు, గుండె నెమ్మదించడం లేదా తడబడటం, కళ్లు తిరగడం ఉండొచ్చు. చాలాసార్లు ఏ సూచనా ఉండదు, అందుకే రక్తపరీక్ష తప్పదు. ఈ సూచనల్లో ఏదొచ్చినా కర్ణాటకలోనైనా ఆంధ్రలోనైనా 108కి ఫోన్ చేసి, సీసానీ మందుల పట్టీలనీ వెంట తీసుకెళ్లండి. మలం నల్లగా వచ్చినా, కడుపులో విపరీతమైన నొప్పి వచ్చినా అంతే.

మందు మొదలుపెట్టాక ఎన్నాళ్లకి ఎలక్ట్రోలైట్స్ (పొటాషియం, సోడియం వంటివి చూసే రక్తపరీక్ష) చూపించాలో చీటీ మీదే రాయించుకోండి. కొద్దిరోజుల నుంచి వారం లోపు మొదటిసారి చూడటం మామూలు. రక్తం తీసేటప్పుడు పిడికిలి పదే పదే బిగించి వదలకండి, కండరంలోంచి పొటాషియం వచ్చి అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. గొట్టంలో రక్తకణాలు పగిలినా అలాగే చూపిస్తుంది. ఏ ఇబ్బందీ లేని మనిషికి ఉన్నట్టుండి 6 అని వస్తే డాక్టరు ఈసీజీ తీసి, మళ్లీ రక్తం తీయమంటారు. ఆ రెండో అంకె వచ్చేదాకా సీసా పక్కన పెట్టి ఉంచండి.